నిప్పుతో కొలువు... జీతం సున్నా!

డిసెంబరు నెల. మనకు చలికాలం. ఆస్ట్రేలియాలో మాత్రం ఎండలు మండిపోయే రోజులు. అక్కడి న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలోని పల్లెల్లో అది గోధుమ కోతల సమయం కూడా. ఏడాది పొడవునా పడ్డ కష్టం గింజగా మారి ఇంటికి చేరాల్సిన వేళ. రైతు కోత యంత్రం మీద కూర్చుని ఉంటాడు. జేబులో ఫోను మోగుతుంది. నాలుగు మైళ్ల అవతల గడ్డి అంటుకుంది... గాలి ఊరివైపే వీస్తోంది.

అంతే! యంత్రాన్ని ఎక్కడికక్కడ ఆపేస్తాడు. ఊరి చివరనున్న షెడ్డుకు పరుగెడతాడు. అక్కడ గోడకు తగిలించి ఉన్న పసుపుపచ్చ దుస్తులు తొడుక్కుని, బూట్లు వేసుకుని, హెల్మెట్ అందుకుంటాడు. అప్పటికే కిరాణా కొట్టాయన, బడిపంతులు, లారీ మెకానిక్కు వచ్చేసి ఉంటారు. నలుగురూ నీళ్ల ట్యాంకర్ ఎక్కి పొగ కనిపిస్తున్నవైపు బయల్దేరతారు. మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రమా, అర్ధరాత్రా, మర్నాడా... ఎవరూ చెప్పలేరు.

ఇంతా చేస్తే వాళ్లకు దక్కే జీతం? ఒక్క డాలరు కూడా కాదు. ఆ రోజు ఆగిపోయిన కోతకూ, మూసేసిన కొట్టుకూ లెక్క చూసేవారు లేరు. వాళ్లే ఆస్ట్రేలియా పల్లెల స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు.

మనకూ ఇది కొత్త కాదు. ఎండాకాలంలో ఊళ్లో గడ్డివాము అంటుకుంటే ఏం జరుగుతుందో పల్లెల్లో పుట్టినవారందరికీ తెలుసు. పట్నం నుంచి ఫైరింజన్ వచ్చేలోపు ఊరు ఊరంతా బిందెలతో, బకెట్లతో పరుగు తీస్తుంది. బావి నుంచి వాము దాకా మనుషులు వరసకట్టి నీళ్లందిస్తారు. ఆ పనికి ఎవరూ కూలి అడగరు. అడిగితే ఊరు నవ్వుతుంది. ఆస్ట్రేలియావాళ్లు ఆ బిందెల వరసకే ఒక షెడ్డు, ఒక ట్యాంకరు, కొంత శిక్షణ, ఒక చట్టం సమకూర్చారు. కూలి అడగని పద్ధతిని మాత్రం అలాగే ఉంచేశారు. ఆ పద్ధతికే 2019లో పెద్ద పరీక్ష ఎదురైంది.

డెబ్భై వేల మంది సైన్యం

న్యూసౌత్‌వేల్స్ గ్రామీణ అగ్నిమాపక సంస్థలో డెబ్భై వేల మందికి పైగా వలంటీర్లున్నారు. దళాల సంఖ్య దాదాపు 2,000. ప్రపంచంలోకెల్లా పెద్ద స్వచ్ఛంద అగ్నిమాపక సంస్థ తమదేనని చెప్పుకుంటుంది. రాష్ట్ర భూభాగంలో 95 శాతం దాని బాధ్యతే. సిడ్నీలాంటి నగరాల్లో జీతాలు తీసుకునే ఫైర్‌మెన్ వేరే ఉంటారు. వాళ్ల పరిధి దాటి పొలాలు, అడవులు, పచ్చికబయళ్లు మొదలయ్యాయంటే అంతా ఈ ఊరివాళ్లదే రాజ్యం. పక్కనున్న విక్టోరియా రాష్ట్రంలోనూ ఇంతే. అక్కడి సంస్థ కింద సుమారు 1,200 దళాలు పనిచేస్తున్నాయి.

చేరడానికి పదహారేళ్లు నిండితే చాలు. రైతులు, నర్సులు, వడ్రంగులు, గుమాస్తాలు, గృహిణులు, కాలేజీ పిల్లలు... అందరూ ఉంటారు. దేశ ప్రధానిగా చేసిన టోనీ అబాట్ కూడా ఇలాంటి దళంలో ఏళ్ల తరబడి సభ్యుడు. 2019లో మంటలు రేగినప్పుడు మిగతావారితోపాటు ఆయనా పసుపుపచ్చ దుస్తుల్లో ట్యాంకరెక్కారు. అప్పటి కమిషనర్ షేన్ ఫిట్జ్‌సిమన్స్ కూడా 1985లో ఓ ఊరి దళంలో మామూలు వలంటీరుగా చేరి అంచెలంచెలుగా పైకి వచ్చినవారే.

పైపు పట్టుకోవడం ఒక్కటే కాదు...

మంటల మీద నీళ్లు చల్లడమే వీళ్ల పని అనుకుంటే పొరపాటు. అసలు పని మంటలు లేనప్పుడే మొదలవుతుంది. చలికాలంలో వాతావరణం అనుకూలంగా ఉన్న రోజు చూసుకుని అడవిలో ఎండుటాకులను, పొదలను అదుపులో ఉంచుతూ కాల్చేస్తారు. వేసవిలో నిప్పు పడ్డా అక్కడ మండటానికి ఏమీ మిగలకూడదని ఆ ఏర్పాటు. పంపులు పనిచేస్తున్నాయా, పైపులకు చిల్లులున్నాయా, రేడియో మోగుతోందా అని తరచూ తనిఖీలు చేస్తారు. ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చూరు గాడుల్లో పేరుకున్న ఆకులు తీయమని, ఇంటి చుట్టూ గడ్డి కోయించుకోమని చెప్పి వస్తారు.

వేసవి వచ్చాక మంటలు సరేసరి. రోడ్డు మీద కార్లు గుద్దుకున్నా, తుపానుకు చెట్లు కూలినా, ఎవరింట్లోనైనా పొగ లేచినా ముందు చేరుకునేది తరచూ వీళ్లే. పెద్ద మంటలైతే ఐదేసి ట్యాంకర్లను ఒక జట్టుగా కట్టి దూరప్రాంతాలకు పంపుతారు. అక్కడ పన్నెండేసి గంటల షిఫ్టులు, బడి హాల్లోనో, గుడారంలోనో నిద్ర. ట్యాంకరులోని మూడు నాలుగు వేల లీటర్ల నీళ్లు అడవి మంటకు ఏ మూలకు? అందుకే చాలాసార్లు నీటితో కాకుండా నిప్పుతోనే నిప్పును ఆపుతారు. మంట వచ్చే దారిలో ముందుగానే గడ్డి గీకి, ఎదురు నిప్పు పెట్టి, అది చేరేసరికి కాలడానికేమీ లేకుండా చేస్తారు. గాలి ఒక్కసారి తిరిగిందా... పెట్టిన నిప్పే మీదికొస్తుంది.

అందరూ మంటల ముందే ఉండాలని లేదు. రేడియో దగ్గర కూర్చునేవారు కొందరు. వందల మందికి వేళకు తిండి అందించే వంట దళాలు కొన్ని. తెల్లవారుజామున మూడింటికి రొట్టెల మీద వెన్న రాసి పొట్లాలు కట్టేవాళ్లు కూడా ఈ లెక్కలో వలంటీర్లే!

గాలి తిరిగిన రోజు

ఈ పనిలో ప్రాణం ఎంత తేలికో 1998 డిసెంబరు 2న విక్టోరియాలోని లింటన్ దగ్గర తెలిసింది. జీలాంగ్ వెస్ట్ దళానికి చెందిన ఐదుగురు వలంటీర్లు ట్యాంకరులో ఉండగా ఉన్నట్టుండి గాలి దిశ మారింది. మంట చుట్టుముట్టి ఐదుగురూ చనిపోయారు. దానికి పదిహేనేళ్ల ముందు, 1983 ఫిబ్రవరి 16న ఒక్కరోజే విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాల్లో 75 మంది మంటలకు బలైతే వారిలో 17 మంది ఆర్పడానికి వెళ్లినవాళ్లే.

లింటన్ తర్వాత నిబంధనలు మారాయి. కనీస శిక్షణ పూర్తిచేయనిదే ఎవరినీ మంటల ముందుకు పంపకూడదన్నారు. ట్యాంకరులో నీళ్లన్నీ మంట మీదే ఖర్చు చేయకుండా, తమను తాము కాపాడుకోవడానికి కొంత మిగుల్చుకోవాలన్నారు. ఇది మంచి మార్పే. కానీ దాంతో వలంటీరు చేతి నుంచి మరికొన్ని వారాంతాలు శిక్షణకు పోయాయి. పని క్షేమంగా చేయాలంటే నేర్చుకోవాలి. నేర్చుకోవాలంటే సమయం కావాలి. ఆ సమయం ఎవరిది? వలంటీరుదీ, అతని ఇంటిదీ.

ఆ నల్లటి వేసవి

2019 ఏడాది సగం దాటగానే మొదలైన మంటలు 2020 మార్చి దాకా ఆరలేదు. ఆస్ట్రేలియా ప్రజలు దాన్ని ‘నల్ల వేసవి’ అని పిలుచుకున్నారు. తర్వాత విచారణ జరిపిన రాయల్ కమిషన్ లెక్క ప్రకారం దేశంలో 2.4 కోట్ల హెక్టార్లకు పైగా కాలిపోయింది. మూడువేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. నేరుగా మంటలకు బలైనవారు 33 మంది. సిడ్నీ నగరం మీద వారాల తరబడి పొగ కమ్ముకుంది. అక్కడున్న మన తెలుగు పిల్లల క్షేమం కోసం ఇక్కడి అమ్మానాన్నలు రోజూ ఫోన్లు చేసిన రోజులవి.

మామూలుగా వలంటీరుకు ఏడాదిలో కొద్ది రోజులే ఇలా వెళ్లాల్సి వస్తుంది. ఆ మాత్రం సెలవు యజమానీ ఇస్తాడు, ఇల్లూ సర్దుకుంటుంది. ఆ ఏడు మాత్రం కొందరు వారాలకు వారాలు మంటల్లోనే ఉండిపోయారు. వార్షిక సెలవులు అయిపోయాయి. ఆ తర్వాత జీతం కోత. సొంతంగా ప్లంబింగో, వడ్రంగమో చేసుకునేవారికైతే పనికి వెళ్లని రోజున రాబడి లేనట్టే. ఇంటి వాయిదాలు మాత్రం ఆగవు కదా! పొగను ఆపే మంచి మాస్కుల కోసం కొన్ని దళాలు జనాన్ని చందాలు అడగాల్సి వచ్చింది.

డిసెంబరు 19న సిడ్నీకి నైరుతిలోని బక్స్‌టన్ దగ్గర ఓ చెట్టు రోడ్డుకు అడ్డంగా కూలి ట్యాంకరు బోల్తా పడింది. అందులోని ఇద్దరు వలంటీర్లు చనిపోయారు. ఇద్దరూ చిన్నపిల్లల తండ్రులు. మరో పదకొండు రోజులకు సుడిగాలిలా లేచిన మంట టన్నుల బరువున్న ట్రక్కును తలకిందులు చేసింది. ఇంకో వలంటీరు ప్రాణం పోయింది. జనవరి 2న జరిగిన ఓ అంత్యక్రియల్లో తండ్రికి దక్కిన పతకాన్ని కమిషనర్ మోకాళ్ల మీద కూర్చుని పసివాడి చొక్కాకు తగిలించారు. ఆ పిల్లవాడి నోట్లో ఇంకా పాలపీక ఉంది. ఆ ఫొటో చూసి దేశమంతా కన్నీరు పెట్టింది.

జీతమా... పరిహారమా?

‘వీళ్లకు డబ్బివ్వాలా, వద్దా?’ అన్న చర్చ అప్పటికే ఊపందుకుంది. ప్రతిపక్ష నేత ఆంథొనీ ఆల్బనీస్ ఇవ్వాలన్నారు. ప్రధాని స్కాట్ మారిసన్ మొదట ఒప్పుకోలేదు. వాళ్లు అలసిపోయినా తమ ఊళ్లను కాపాడుకోవాలనే కోరుకుంటున్నారన్నది ఆయన వాదన. నెల తిరక్కుండానే మాట మార్చుకోవాల్సి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులై ఉండి వలంటీర్లుగా వెళ్లేవారికి జీతంతో కూడిన సెలవు ఇరవై రోజులన్నారు. డిసెంబరు 29న మరో ప్రకటన వెలువడింది. సొంత పని చేసుకునేవారు, చిన్న, మధ్యతరహా సంస్థల ఉద్యోగులు ఆ సీజనులో పది రోజులకు మించి మంటల్లో పనిచేసి ఉంటే, రాబడి పోయిన ఒక్కో రోజుకు 300 డాలర్ల దాకా ఇస్తారు. మొత్తం మీద 6,000 డాలర్లు మించకూడదు. మన లెక్కలో అప్పట్లో దాదాపు మూడు లక్షల రూపాయలు. పన్ను లేదు.

విచిత్రమేమిటంటే, వలంటీర్లలోనే ఎంతోమంది దీన్ని ఇష్టపడలేదు. డబ్బు తీసుకుంటే వలంటీరు అన్న మాటకు అర్థమేముందని కొందరన్నారు. ఈరోజు డబ్బిచ్చినవాళ్లు రేపు హాజరు పట్టీ పెడతారు, ఎల్లుండి ఆజ్ఞాపిస్తారు అని ఇంకొందరి భయం. పైగా ఇంట్లోంచి కదలడం కుదరక ఫోన్ల దగ్గర కూర్చున్నవారికి ఇవ్వకుండా, ట్యాంకరెక్కినవారికే ఇస్తే దళంలో పొరపొచ్చాలు రావా? మరోవైపు నెలజీతం పోగొట్టుకున్న కుటుంబాలకు ఈ వాదనలు వినే ఓపిక లేదు. మొగుడు ఊరిని కాపాడుతుంటే ఇంటద్దె ఎవరు కడతారన్నది అక్కడి ఇల్లాళ్ల ప్రశ్న.

జాగ్రత్తగా చూస్తే రెండువైపులవారూ చెబుతున్నది ఒకటే. వాళ్లకు జీతం వద్దు. కానీ సేవ చేసినందుకు చేతి డబ్బు పోకూడదు. జీతం వేరు, నష్టం పూడ్చడం వేరు. మొదటిది మనిషిని కొలువులో పెట్టుకోవడం. రెండోది అతని మంచితనానికి అతని పిల్లలు ధర చెల్లించకుండా చూడటం.

కోట్లున్నా ఇవ్వలేక...

ఆ రోజుల్లోనే ఇంకో సంఘటన జరిగింది. ఆస్ట్రేలియా హాస్యనటి సెలెస్ట్ బార్బర్ న్యూసౌత్‌వేల్స్ దళాల కోసం ఫేస్‌బుక్‌లో చందాలడిగారు. 30 వేల డాలర్లు వస్తే చాలనుకున్నారు. వచ్చినవి 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైనే! అంటే దాదాపు 250 కోట్ల రూపాయలు. ఇల్లు కాలిపోయినవారికీ, గాయపడ్డ జంతువులకూ, పక్క రాష్ట్రాల దళాలకూ పంచుతారనుకుని చాలామంది ఇచ్చారు. కానీ డబ్బు చేరింది దళాల పరికరాలు, శిక్షణ, నిర్వహణ ఖర్చుల కోసమే పెట్టిన ట్రస్టుకు. పత్రంలో రాసినదానికి తప్ప ఇంకొకదానికి వాడకూడదని 2020 మేలో న్యూసౌత్‌వేల్స్ సుప్రీంకోర్టు తేల్చింది. గాయపడ్డ వలంటీర్లకు, చనిపోయినవారి కుటుంబాలకు సాయం చేయడానికి మాత్రం అభ్యంతరం లేదంది. జనం మనసు పెద్దదే. ఏర్పాటు ముందుగా లేకపోతే ఎంత డబ్బు వచ్చినా చేరాల్సినచోటికి చేరడం కష్టమని ఆ కేసు నేర్పింది.

అలాగని వలంటీర్ల వెనక ఏమీ లేదనుకోవద్దు. దుస్తులు, శిక్షణ ఉచితం. విధుల్లో గాయపడితే పరిహారం ఇచ్చే చట్టం న్యూసౌత్‌వేల్స్‌లో 1987 నుంచే ఉంది. పొగలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి పన్నెండు రకాల క్యాన్సర్లలో ఏది వచ్చినా, అది ఆ పని వల్లే వచ్చిందని భావించి పరిహారమిచ్చేలా 2018లో నిబంధన తెచ్చారు. మంటలార్పడానికి వెళ్లాడని ఉద్యోగంలోంచి తీసేయకుండా 2009 నాటి కేంద్ర చట్టం కాపాడుతుంది. సెలవు ఇచ్చి తీరాలంటుంది. అయితే ఆ సెలవుకు జీతమివ్వాలని మాత్రం చెప్పదు. చిక్కంతా అక్కడే ఉంది.

తలా ఒక దారి

ఇదే ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు వెతుక్కుంది.

జర్మనీలో దాదాపు పది లక్షల మంది స్వచ్ఛంద ఫైర్‌మెన్ ఉన్నారు. పనివేళల్లో సైరన్ మోగితే ఉద్యోగి వెళ్లిపోవచ్చు. యజమాని జీతం ఆపకూడదు. ఆ గంటల జీతాన్ని తర్వాత స్థానిక పురపాలక సంఘం నుంచి యజమాని రాబట్టుకోవచ్చు. వలంటీరు జేబుకు చిల్లు పడదు.

బ్రిటన్ పల్లెల్లో పిలిస్తే వచ్చే ఫైర్‌మెన్ ఉంటారు. వాళ్లు వలంటీర్లు కారు. అందుబాటులో ఉన్నందుకు ఏడాదికింత, పిలుపొచ్చి వెళ్లినప్పుడల్లా ఇంత అని ఇస్తారు. కాకపోతే స్టేషనుకు నిమిషాల్లో చేరుకునేంత దగ్గర్లోనే ఉండాలి, పనిచేయాలి.

జపాన్‌లో ప్రతి ఊరికీ ఓ దళం ఉంటుంది. ఏడాదికి 36,500 యెన్లు, విపత్తు రోజున వెళ్తే 8,000 యెన్లు ఇవ్వాలని ప్రభుత్వం ప్రమాణం నిర్ణయించింది. 2022 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. చాలాచోట్ల అంతకుముందు ఆ సొమ్ము మనిషికి చేరేది కాదు, దళం ఖాతాలో పడి విందులకు పోయేదన్న విమర్శ ఉండేది. ఇక నేరుగా సభ్యుడికే ఇవ్వాలన్నారు. 2011 సునామీలో చనిపోయిన, గల్లంతైన ఈ దళాలవారు 254 మంది. వారిలో ఎంతోమంది సముద్రపు గోడల తలుపులు మూయడానికీ, జనాన్ని ఖాళీ చేయించడానికీ వెళ్లినవారే.

అమెరికాలో వలంటీరుకు నామమాత్రపు రుసుము ఇవ్వొచ్చు. అదే పనికి జీతగాడికిచ్చే మొత్తంలో అయిదోవంతు దాటితే మాత్రం కార్మిక శాఖ అతన్ని వలంటీరుగా ఒప్పుకోదు. ఇక చిలీ సంగతి వింటే ఆశ్చర్యమే. అక్కడ దేశమంతటా ఫైర్‌మెన్ వలంటీర్లే. రాజధానిలో కూడా! జీతం లేకపోగా సభ్యులే నెలనెలా చందా కడతారు. ఆ దళంలో చోటు దొరకడం వారికి గౌరవం.

షెడ్డు ఉంది... మనుషులేరీ?

డబ్బు సంగతి అలా ఉంచితే, అన్ని దేశాల్నీ ఇప్పుడు వేధిస్తున్నది మనుషుల కొరత. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1970ల్లో మూడు లక్షల మంది స్వచ్ఛంద ఫైర్‌మెన్ ఉండేవారు. 2018లో అక్కడి చట్టసభ నియమించిన సంఘం లెక్క చూస్తే 38 వేలు! జపాన్‌లో ఒకప్పుడు ఇరవై లక్షలుండే సభ్యుల సంఖ్య 2022లో ఎనిమిది లక్షల కిందికి జారింది.

కారణాలు మనకూ తెలిసినవే. యంత్రాలొచ్చి పొలాలకు మనుషులు అక్కర్లేకుండా పోయారు. పిల్లలు చదువులకనీ, ఉద్యోగాలకనీ పట్నం దారి పట్టారు. ఊళ్లో ఉంటున్నవారూ పొద్దున్నే దూరపు ఆఫీసులకు పోతారు. సైరన్ మోగేసరికి మిగిలేది అరవై దాటినవాళ్లు. వాళ్లు వెళ్లకుండా ఉండలేరు. వెళ్తే ఒళ్లు సహకరించదు. వేసవులు మాత్రం ఏటికేడు పొడవవుతున్నాయి.

అందుకే అక్కడి పల్లెల్లో ఇప్పుడు మాటలు మారుతున్నాయి. జీతం గురించి కాదు... దళంలో చేరే కుర్రవాడి యజమానికి నచ్చజెప్పడం గురించి, శిక్షణను పనిరోజుకు అడ్డం రాకుండా సర్దడం గురించి, మంటల్లోంచి తిరిగొచ్చి నిద్రపట్టనివాడితో మాట్లాడేవాళ్లను ఏర్పాటు చేయడం గురించి మాట్లాడుకుంటున్నారు.

మన పల్లెల్లోనూ ఆ బిందెల వరస చిన్నదవుతోంది. ఈసారి ఎక్కడైనా వాము అంటుకున్నప్పుడు నీళ్లు మోసినవారిని ఊరు ‘ఎంత మంచివాళ్లో’ అని మెచ్చుకుంటుంది. బాగానే ఉంది. ఆ రోజు వాళ్ల కూలి పోయిందేమో, చేయి కాలిందేమో కూడా అడిగితే... మర్నాడు పిలిచినా మళ్లీ వస్తారు.